ఫ్రాన్సు ద్రాక్షతోటలలో నేల మహిమ

ద్రాక్ష అనగానే తెలుగు సాహిత్యంతో పరిచయం గలవారికి మొదట స్ఫురించేది ద్రాక్షాపాకం. ఓరుగంటి ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు కావ్యపాకాలను నిర్వచిస్తూ, లోపలా వెలుపలా రసం స్ఫురించే కవిత్వాన్ని ద్రాక్షతోను, రసం లోపల దాగి ఉండే కవిత్వాన్ని నారికేళంతోను పోల్చినాడు. నోట వేసుకొన్నంతనే కరిగిపోయే పండును మనసులో పెట్టుకొని చెప్పిన మాట అది. ఫ్రాన్సుదేశంలో ఎర్ర ద్రాక్షాసవానికి పండించే ద్రాక్షను చూచి ఉంటే ఆ ఆలంకారికుడు తన ఉపమానాన్ని మరొక పండుకు మార్చుకొని ఉండేవాడేమో! ఆ పండు బఠాణీగింజ కంటె కాస్త పెద్దది. తోలు మందం. గింజలు మెండు. నమిలితే తీపి వెంట వగరు నాలుకను పట్టుకొంటుంది. బజారులో పెడితే కొనేవారు అరుదు.

ఆ తోలులోనే అంతా ఉన్నది. నల్లద్రాక్షలో అధిక భాగం రకాలకు లోపలి రసం తెల్లనిదే. ఆ రసాన్ని తోలుతోను గింజలతోను కలిపి కొన్నాళ్లు పులియబెట్టినందువల్ల ఎర్ర రంగు వస్తుంది. కరక్కాయలోను, లేత జామకాయలోను, చిక్కని తేయాకు కషాయంలోను ఉండే వగరువంటి వగరు కూడా ఆ తోలునుంచి, గింజనుంచి దిగవలసిందే. ద్రాక్షాసవం పదేండ్లు, ఇరవయ్యేండ్లు చెడకుండ నిలిచి పరిపక్వం కావడానికి ఈ వగరు ముఖ్యమైన ఆధారం. పండు పెద్దదయ్యేకొద్దీ రసం పెరిగి, దానితో పోలిస్తే తోలు తగ్గుతుంది. పండు చిన్నదయ్యేకొద్దీ రసానికి తోలు ఎక్కువ. కాబట్టి గుత్తి బరువు పెరగాలని రైతు ఎక్కడైనా కోరుకొంటాడు గాని, మంచి ఎర్ర ద్రాక్షాసవం చేయదలచిన రైతు మాత్రం పండు చిన్నదిగా ఉండాలని కోరుకొంటాడు. పండు ఎంత ఊరాలో నిర్ణయించేది నీరు. ఆ నీటిని తీగకు ఎప్పుడు, ఎంత, ఎంత నెమ్మదిగా అందించాలో నిర్ణయించేది నేల. ఇక్కడ ప్రస్తావన పానాన్ని గూర్చి కాదు. ఒక మన్ను ఒక మొక్క స్వభావాన్ని ఎట్లు తీర్చిదిద్దుతున్నదో ఆ సంగతిని గూర్చి.

ఫ్రెంచివారు ఈ విషయమంతటినీ ఒక్క మాటలో చెప్పుతారు: తెర్వార్. దీనికి సరియైన తెలుగు మాట లేదు. నేల, దాని అడుగున ఉన్న రాయి, వాలు, ఎండ తగిలే దిక్కు, గాలి, వాన, ఆ ఊరి సేద్యపు అలవాటు – ఇవన్నీ కలిసిన స్థలధర్మం అది. అయితే ఈ మాట చుట్టూ ఒక అపోహ కూడా అల్లుకొన్నది. సున్నపురాతి నేలలో పండిన ద్రాక్షాసవంలో సున్నపురాయి రుచి ఉంటుందనీ, పలకరాతి కొండమీద పండినదానిలో ఆ రాతి వాసన ఉంటుందనీ వ్యాపారులు చెప్పుతూ వచ్చినారు. వేరు నోరువంటిది, రాతిని నమిలి రుచిని పండులో దాచుతుంది అన్నట్లు ఈ వర్ణన సాగుతుంది. వినడానికి ఇంపుగా ఉన్నా ఇది నిజం కాదు. తీగ నేలనుంచి తీసుకొనేది నీరు, ఆ నీటిలో కరిగిన కొద్దిపాటి లవణాలు. రాయి నీటిలో అంత సులభంగా కరగదు. కరిగి పైకి వచ్చిన లవణాలు కూడా ద్రాక్షాసవంలో నాలుకకు తెలిసేటంత ఉండవు. పండులోని పరిమళాలూ వగరూ రంగూ – ఇవన్నీ తీగ తన ఆకులలో ఎండను వండి తనలో తాను కల్పించుకొన్నవే. వేల్సు దేశానికి చెందిన భూగర్భశాస్త్రజ్ఞుడు అలెక్స్ మాల్ట్‌మన్ 2018లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ సంగతిని విపులంగా చర్చించినాడు.

మరి నేలకు మహిమ లేదా? ఉన్నది. అది రుచిని ఇచ్చే మహిమ కాదు, నడతను దిద్దే మహిమ. గురువు శిష్యుని నోట తన మాటలను పెట్టడు. శిష్యుడు తన మాటలు తాను పలుకునట్లు చేస్తాడు. నేల పని అటువంటిది.

ఈ విషయాన్ని కొలతలతో నిరూపించిన ఘనత బోర్డో విశ్వవిద్యాలయానికి చెందిన జెరార్ సెగాన్‌కు దక్కుతుంది. 1960లనుండి ఆయన మెడోక్ ప్రాంతపు తోటలలో గోతులు త్రవ్వి వేళ్ల లోతును, నేలలో నీటి రాకపోకలను పరిశీలించినాడు. పేరుమోసిన తోటల మన్నులో ఏదో అపూర్వ రసాయనం దొరుకుతుందని ఎదురుచూచినవారికి ఆయన పరిశోధన నిరాశ కలిగించింది. ఒక గొప్ప తోట మన్ను ఆమ్లగుణం గలది, మరొకటి సున్నపుది. ఒకటి ఇసుక, ఒకటి బంక. వీటన్నిటికీ సమానమైన లక్షణం ఒక్కటే – నీటిని అదుపులో పెట్టగల శక్తి. జోరువాన కురిసినపుడు అదనపు నీరు వేళ్లదగ్గర నిలువరాదు. ఎండలు ముదిరినపుడు తీగ పూర్తిగా వాడిపోరాదు. కాయ రంగు తిరిగే వేళకు కాస్త దాహం తెలియాలి. దాహం తెలిసిన తీగ కొత్త చిగుళ్లు వేయడం మాని, ఉన్న బలాన్ని పండుమీద పెడుతుంది. పండు చిన్నదిగా నిలుస్తుంది, తోలులో రంగూ వగరూ చిక్కబడతాయి. నీరు విస్తారంగా దొరికిన తీగ శరత్తు వచ్చినా చిగురిస్తూనే ఉంటుంది. పండు ఉబ్బి పలుచబడుతుంది.

ఇదే బోర్డో సీమలో కోర్నేలిస్ వాన్ లేవెన్, ఆయన సహచరులు 1996నుండి 2000వరకు అయిదు పంటలమీద ఒక పరిశీలన సాగించి 2004లో ఫలితాలు ప్రకటించినారు. గులకరాతి నేల, అడుగున గట్టి బంకమట్టి గల నేల, వేళ్లకు అందేటంత దగ్గరగా ఊటనీరు గల ఇసుకనేల – ఈ మూడింటిలో మూడేసి ద్రాక్షరకాలను పోల్చి చూచినారు. పండు గుణంమీద ఆ యేటి వాతావరణం అన్నిటికంటె ఎక్కువ ప్రభావం చూపింది, తరువాతి స్థానం నేలది, ద్రాక్షరకం మూడవది. వాతావరణం, నేల చేసిన పనిలో పెద్దభాగం తీగకు అందిన నీటి ద్వారానే జరిగినదని వారు తేల్చినారు. నేలయే సర్వస్వమని నమ్మినవారికీ, నేల అంతా కట్టుకథ అన్నవారికీ కూడా ఇది సమాధానమే.

శాస్త్రజ్ఞుడు ఇరవయ్యవ శతాబ్దిలో కొలిచి చెప్పినదానిని రైతు కంటితో చూచి ఏనాడో గ్రహించిన చోటు ఫ్రాన్సులో ఒకటి ఉన్నది. అది బర్గండీ. దిజోం పట్టణంనుంచి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల పొడవున ఒక కొండవాలు తూర్పుముఖంగా సాగిపోతుంది. దానిపేరు కోట్ దోర్. పదిహేను కోట్ల ఏండ్లకు పైబడిన కాలంలో అది సముద్రగర్భం. ఆనాటి సముద్రజీవుల గుల్లలు పేరుకొని సున్నపురాయి అయినది; మధ్యమధ్య సున్నం కలిసిన బంకమట్టి పొరలు. ఇక్కడ ఎర్ర ద్రాక్షాసవానికి పండించేది దాదాపుగా ఒక్కటే రకం, పినో న్వార్. మొక్క ఒక్కటే, వాతావరణం ఒక్కటే, చేసే పద్ధతి ఇంచుమించు ఒక్కటే. ఇక తేడా వస్తే నేలవల్ల రావలసిందే. అందుచేత నేల ప్రభావాన్ని చదువుకోదలచినవారికి బర్గండీని మించిన పాఠశాల లేదు.

ఆ వాలును పైనుంచి క్రిందికి నడిచి చూస్తే పాఠం అర్థమవుతుంది. కొండపైన మన్ను జానెడు, రాయి బారెడు. చలిగాలి తగులుతుంది, పండు ఆలస్యంగా పక్వమవుతుంది, ద్రాక్షాసవం పలుచన. క్రింద రహదారి దాటిన తరువాత ఉన్న మైదానంలో మన్ను లోతైనది, బరువైనది, తేమ ఆరదు. పంట విస్తారం, గుణం సామాన్యం. ఈ రెంటికీ నడుమ, వాలు మధ్యభాగంలో, పైనుంచి జారివచ్చిన సున్నపురాతి ముక్కలూ బంకమట్టీ సరిపాళ్లలో కలిసినవి. నీరు నిలువదు, పూర్తిగా ఇంకిపోదు. ఉదయపుటెండ నేరుగా తగులుతుంది. బర్గండీలో అత్యున్నతశ్రేణికి చెందిన తోటలలో అధిక భాగం ఈ నడుము పట్టీలోనే ఉన్నవి. బర్గండీ మొత్తం ఉత్పత్తిలో వీటి పాలు నూటికి రెండుకు మించదు. ఈ శ్రేణుల విభజన మనిషికి గాని, సంస్థకు గాని ఇచ్చిన బిరుదు కాదు. చెక్కకు, అనగా ఆ భూఖండానికి ఇచ్చిన బిరుదు. యజమాని మారినా చెక్క హోదా మారదు. ఇట్లు పేరు, ఎల్ల, చరిత్ర గల చెక్కలను అక్కడ క్లిమా అంటారు. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చినపుడు అవి 1,247గా లెక్కకు వచ్చినవి.

ఈ గీతలను గీచినవారిలో సిస్టర్షియన్ సన్యాసులు ముఖ్యులు. 1098లో సీతో అనే చోట వెలసిన వారి మఠానికి పన్నెండవ శతాబ్దిలో వూజో గ్రామంవద్ద భూములు దానంగా లభించినవి. వారు రాళ్లు ఏరి, పొదలు కొట్టి, తీగలు నాటి, చివరకు పదునాలుగవ శతాబ్దిలో తోటచుట్టూ రాతిగోడ కట్టినారు. అదే క్లో ద వూజో. సన్యాసులు మన్నును నాలుకమీద వేసుకొని రుచి చూచి తోటల ఎల్లలు నిర్ణయించినారని ఒక ఐతిహ్యం ఉన్నది. మన్ను రుచి చూచినంత మాత్రాన తెలిసేది అంతగా ఉండదు. కాని ఒకే చెక్కలో తరతరాలుగా పనిచేసి, ఏ మూల మంచు ముందు కరుగుతుందో, ఏ మూల వాననీరు నిలుస్తుందో, ఎక్కడ పండు ముందుగా రంగు తిరుగుతుందో చూచి, దానిని తమ తరువాతివారికి అప్పగించగల తీరిక మఠానికి ఉన్నది. ఒక మనిషి ఆయుర్దాయంలో ముప్పది నలుబది పంటలే కోతకు వస్తవి. మఠం వందలకొద్దీ పంటలు చూచినది.

అయితే ఆ గోడలోనే ఒక చిక్కు కూడా ఉన్నది. క్లో ద వూజో సుమారు 50 హెక్టార్లు, అంటే దాదాపు 125 ఎకరాలు. పైభాగంలో మన్ను పలుచన, సున్నపురాయి దగ్గర. క్రిందిభాగం రహదారిని ఆనుకొని బంకమట్టితో, తేమతో ఉంటుంది. సన్యాసులకు ఈ భేదం తెలుసు. పైతోట ద్రాక్షాసవం పోపుకు, నడిమితోటది బిషప్పులకు, క్రిందితోటది తమకు అని వారు పంచుకొన్నారని ఒక కథ కూడా చెప్పుతారు. ఫ్రెంచి విప్లవం వచ్చి మఠం ఆస్తులను జప్తు చేసింది; 1791లో ఈ తోట అమ్ముడుపోయింది. కాలక్రమాన పంపకాలు జరిగి ఈనాడు సుమారు ఎనుబదిమంది యజమానుల చేతులలో ఉన్నది. చట్టం మాత్రం గోడలోపలి భూమినంతటినీ ఒక్కటిగానే, అత్యున్నతశ్రేణిగా గుర్తించింది. గోడను గౌరవించి నేలను మరచినట్లయినది. క్లో ద వూజో అని పేరు వ్రాసిన సీసా కొన్నవారు పైభాగానికి వెల యిచ్చినారో క్రిందిభాగానికి వెల యిచ్చినారో ఆ పేరు చెప్పదు. నేల పేరిట వెలసిన వ్యవస్థలో కూడా మనిషి కట్టిన గోడకే కొన్నిచోట్ల పెద్దపీట పడినదని చెప్పక తప్పదు.

వూజోకు కొద్ది దూరంలోనే రొమానే కోంతీ తోట ఉన్నది. ఎనిమిది పుట్లు పండే పొలం కూడా కాదు. నాలుగున్నర ఎకరాల లోపు. 1760లో కోంతీ రాజకుమారుడు దీనిని కొన్నందువల్ల ఆ పేరు వచ్చింది. ప్రపంచంలో మిక్కిలి వెలగల ద్రాక్షాసవాలలో ఇది ఒకటి. దీనికీ పక్కనున్న తోటలకూ మధ్య కొండ లేదు, ఏరు లేదు. ఒక సన్నని బాట. ఇంత భేదాన్ని ఆ బాట కల్పించగలదా అని సందేహించేవారు ఉన్నారు. వెలలో ఉన్న భేదమంతా నేలదే అనడం కష్టం. అందులో కీర్తికీ అరుదైన వస్తువుపట్ల మనిషికి ఉండే మోజుకూ పెద్ద పాలే ఉన్నది. అయినా ఒక సంగతి చూడవలె. 1945 పంట కోసిన తరువాత ఆ తోటలోని ముసలి తీగలన్నిటినీ పెరికివేసినారు. 1946నుండి 1951వరకు ఆ పేరుతో ఒక్క సీసా కూడా రాలేదు. కొత్త తీగలు నాటి, 1952లో మళ్లీ మొదలుపెట్టినారు. మొక్క పోయింది, మొక్క వచ్చింది. నిలిచినది నేల. పేరు నేలదే కాబట్టి పేరూ నిలిచింది.

ఆ తీగలను పెరకవలసి రావడానికి కారణం ఒక చిన్న పురుగు. అమెరికానుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే ఈ వేరుపేను 1860లలో ఫ్రాన్సు దక్షిణతీరంలో కాలుపెట్టి, తోటలను వరుసగా ఎండగట్టింది. 1868లో మోంపెలియేకు చెందిన ప్లాంషోం దానిని గుర్తించినాడు. దానిని తట్టుకోగలవి అమెరికా జాతి వేళ్లు మాత్రమే. అందుచేత అమెరికా వేరుమీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టే పద్ధతి వచ్చింది. రొమానే కోంతీ యజమానులు దానికి ఒప్పుకొనక, నేలలోకి మందు ఎక్కిస్తూ పాత తీగలను నిలుపుకొన్నారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో మందు దొరకలేదు. ఈ కథలో నేల తన ఉనికిని మరొకమారు చాటింది. మొదట తెచ్చిన అమెరికా వేళ్లు సున్నపు నేలలో బ్రతుకలేకపోయినవి. ఆకులు పసుపుబారి తీగలు చచ్చినవి. 1887లో పియేర్ వియాలా అనే శాస్త్రజ్ఞుని ఫ్రెంచి ప్రభుత్వం అమెరికాకు పంపింది. టెక్సాసులో మన్సన్ అనే ద్రాక్షశాస్త్రజ్ఞుడు అక్కడి సున్నపురాతి గుట్టలలో సహజంగా పెరిగే జాతిని అతనికి చూపినాడు. ఆ జాతితో సంకరం చేసిన వేళ్లు సున్నపు నేలల తోటలను నిలిపినవి. ఫ్రెంచి నేల అమెరికా వేరును అంగీకరించింది; తన గుణానికి సరిపడిన వేరునే అంగీకరించింది. సముద్రతీరంలో ఏగ్ మోర్త్ వద్ద శుద్ధ ఇసుకనేలలలో మాత్రం పేను బ్రతుకలేదు; అక్కడ అంటు అవసరం రాలేదు.

బర్గండీకి దక్షిణంగా బోజోలే కొండలు. ఇక్కడి కథ ఒక తీర్పుతో మొదలవుతుంది. 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్, ధైర్యశాలి అని బిరుదు గలవాడు, గామే అనే ద్రాక్షరకాన్ని తన రాజ్యంలో పెరికివేయవలెనని శాసించినాడు. పంట విస్తారంగా ఇచ్చి, గుణం చెడగొట్టుతుందని దానిమీది నేరం. సున్నపు నేలలో అది పినోకు దీటు రాలేదన్నమాట నిజమే కావచ్చు. కాని ఆ గామేయే బోజోలే ఉత్తరభాగంలో గ్రానైటు రాయి అరిగి ఏర్పడిన నిస్సారమైన ఇసుకమట్టిలో పడి మర్యాద సంపాదించుకొన్నది. అక్కడ మన్ను పంటను తానే తగ్గిస్తుంది. మూలాన్ ఆ వాం, మోర్గోం, ఫ్లూరీ వంటి పది గ్రామసీమల ద్రాక్షాసవాలు ఆ రకంవే. మొక్కకు వేసిన శిక్ష నిజానికి చోటుకు వేయవలసినది.

ఇక బోర్డో. ఇక్కడ ఒక్క రకం కాదు, రెండు మూడు రకాలను కలిపి ద్రాక్షాసవం చేస్తారు. ఏ రకం ఎక్కువ పడాలో నేలయే చెప్పుతుంది. జిరోండ్ నదీముఖానికి ఎడమగట్టున ఉన్న మెడోక్ ప్రాంతంలో గులకరాళ్ల తిన్నెలు ఉన్నవి. పిరెనీసు పర్వతాలనుంచీ మధ్య ఫ్రాన్సు కొండలనుంచీ నదులు లక్షల ఏండ్ల క్రిందట దొర్లించి తెచ్చిన రాళ్లు అవి. వాననీరు వీటిలో నిలువదు. పగటి ఎండకు వేడెక్కిన రాయి రాత్రి కూడా వెచ్చగా ఉంటుంది. ఆలస్యంగా పండే కాబర్నే సోవిన్యో రకానికి ఆ వెచ్చదనం కావలె. లేకుంటే ఆ చల్లని సముద్రతీరంలో పండు పక్వం కాదు. తీగ నీటికోసం వేళ్లను కొన్ని మీటర్ల లోతుకు పంపుతుంది. నదిని చూచే తోటలే మంచి తోటలని మెడోక్ రైతుల నానుడి. నదికి దగ్గరగా ఉన్న తిన్నెలలో గులక లోతు, నీరు జారిపోవడానికి వాలు ఉండడమే దాని మర్మం. ఈ తిన్నెలు కూడా పూర్తిగా ప్రకృతి ఇచ్చినవి కావు. పదునేడవ శతాబ్దిలో డచ్చి ఇంజనీర్లు వచ్చి కాలువలు త్రవ్వి చుట్టూ ఉన్న బురదనేలలను ఆరబెట్టకపోతే, ఆ సీమలో ఇంత సేద్యం సాగేది కాదు. బర్గండీ వాలుమీద కూడా వానకు కొట్టుకొనిపోయిన మన్నును రైతులు తట్టలకెత్తి మళ్లీ పైకి మోసినారు. నేల మహిమ అని పొగిడేవారు ఆ తట్టలు మోసిన తలలను మరువరాదు.

1855లో పారిస్ ప్రదర్శనకై బోర్డో దళారులు మెడోక్ ద్రాక్షాసవాలకు అయిదు తరగతులు కట్టినారు. వారు చూచినది మన్నును కాదు, బజారులో పలికిన ధరను. ఇక్కడ హోదా దక్కినది భవంతి పేరుకు. పొరుగు భూమి కొని కలుపుకొన్నా హోదా అట్లే నిలుస్తుంది. బర్గండీకీ బోర్డోకూ ఇది పెద్ద భేదం. ఆ పట్టికలో తరువాత వచ్చిన గణనీయమైన మార్పు ఒక్కటే: 1973లో మూతోం తోట మొదటి తరగతికి చేరడం.

నదికి కుడిగట్టున దృశ్యం మారుతుంది. సెయింట్ ఎమిలియన్‌లో సున్నపురాతి పీఠభూమి. ఆ రాతిని త్రవ్వి ఇండ్లు కట్టినారు, త్రవ్విన సొరంగాలలో ద్రాక్షాసవాన్ని నిలువచేసినారు. దాని పొరుగున పొమెరోల్. అక్కడ పెత్రూస్ అనే తోట ఇరువది ఎనిమిది ఎకరాలు ఉంటుంది. తిన్నెమీద నీలపు ఛాయగల గట్టి బంకమట్టి. ఏ శాస్త్రం ప్రకారం చూచినా బంకమట్టి ద్రాక్షకు పనికిరాదనాలి. అయినా పెత్రూస్ వెల మెడోక్ మొదటి తరగతివాటిని మించుతుంది. దీని రహస్యం తెలుగు రైతుకు వివరించనక్కరలేదు. ఆ మట్టి రేగడికి చుట్టం.

ఇది ఉపమానం కాదు. రేగడి నేల వేసవిలో నెర్రెలువారి, వాన పడగానే ఉబ్బి నెర్రెలు మూసుకొనడానికి కారణం అందులోని స్మెక్టైట్ అనే బంకఖనిజం. పెత్రూస్ మట్టిలో ఉన్నదీ ఆ వర్గానికి చెందిన ఖనిజమే. ఈ వర్గంలో ప్రసిద్ధమైన మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజానికి ఫ్రాన్సులో మోంమొరియోం అనే ఊరు పేరు పెట్టింది. దానిని 1847లో అక్కడి మట్టినుంచి వర్ణించినారు. ఇక దక్కను నల్లనేలలను ప్రపంచ భూశాస్త్ర గ్రంథాలు 'రెగర్' అని పిలుస్తవి. అది తెలుగువారి రేగడ మాటయే. ఖనిజానికి వారి ఊరు పేరు ఇస్తే, నేలకు మన మాట పేరు ఇచ్చింది. బడిపిల్లలకు చెప్పవలసిన సంగతి ఇది.

పెత్రూస్‌లో ఆ మట్టి చేసే పని ఇట్లు ఉంటుంది: వాన పడగానే పైపొర ఉబ్బి బిగుసుకొంటుంది, అదనపు నీరు లోపలికి ఇంకక తిన్నెమీదనుంచి జారిపోతుంది. లోపల పట్టుకొన్న నీటిని మాత్రం ఆ మట్టి గట్టిగా పట్టి ఉంచి, ఎండలలో కొద్దికొద్దిగా వదలుతుంది. లోభి ఇంటి భోజనం వలె, ఆకలి తీరదు, ప్రాణం పోదు. తీగకు కావలసినది సరిగా అంతే. గులకనేల నీటిని వదలిపెట్టి సాధించినదానిని బంకనేల నీటిని బిగపట్టి సాధించింది. చల్లని బంకలో కాబర్నే పక్వం కాదు గనుక అక్కడ త్వరగా పండే మెర్లో రకాన్ని నాటినారు. వగరు మెత్తన, రంగు చిక్కన.

రోన్ నదిలోయకు వెళితే రాయే రాజు. ఉత్తరాన కోట్ రోతీ, అనగా కాలిన కొండవాలు. అక్కడి రెండు కొండలకు నల్లది, పచ్చనిది అని పేర్లు. మోజిరోం అనే ప్రభువు తన ఇద్దరు కూతుళ్లకు – నల్లజుట్టుది ఒకతె, బంగారుజుట్టుది ఒకతె – ఈ కొండలను పంచి యిచ్చినాడని జనశ్రుతి. ఇనుము కలిసిన అభ్రకపు పలకరాయి ఒకచోట, లేతరంగు ఇసుకరాతి మన్ను మరొకచోట. కథ రంగులను బట్టి పుట్టి ఉంటుంది. దక్షిణాన షాతోనఫ్ ద్యు పాప్ ఉన్నది. పదునాలుగవ శతాబ్దిలో పోపులు ఆవిన్యోంలో నివసించిన కాలపు కోట ఆ ఊరికి పేరిచ్చింది. తోటలో మన్ను కనిపించదు. పిడికిలంత, తలకాయంత నున్నని రాళ్లు పరచుకొని ఉంటవి. ఈ రాళ్లవల్లనే ఆ ద్రాక్షాసవానికి గొప్పతనమని అందరూ చెప్పేమాట. అయితే ఆ ఊరిలోనే మిక్కిలి పేరుగల రయాస్ తోట ఇసుకలో ఉన్నది. దాని ద్రాక్షాసవం సుకుమారం. ఒక్క రాతికే కిరీటం పెట్టరాదనడానికి ఇది చాలు.

ఈ ఊరిలోనే నేలకు చట్టపు రక్షణ మొదలైనది. కల్తీసరుకు మంచి ఊళ్ల పేర్లతో అమ్ముడవుతున్న కాలంలో, 1923లో, బారన్ లె ర్వా అనే న్యాయవాది నాయకత్వంలో అక్కడి రైతులు తమకు తాము నియమాలు విధించుకొన్నారు. ఏ భూమి ద్రాక్షకు తగినదని తేల్చడానికి వారు పట్టుకొన్న గుర్తు వింతైనది: లావెండరు, థైమ్ అనే పరిమళపు మొక్కలు పెరిగే నేల. అంత ఎండలో, అంత నిస్సారమైన రాళ్లలో బ్రతికే మొక్కలు అవి. వరాహమిహిరుడు బృహత్సంహితలో భూమిలోపల నీరున్న చోటును మొక్కలనుబట్టి గుర్తించే ఉపాయాలు చెప్పినాడు. వీరు నీరు లేని చోటును మొక్కలనుబట్టి గుర్తించినారు. 1935 జూలై 30న వెలువడిన ఆజ్ఞతో ఈ పద్ధతి దేశమంతటికీ వ్యాపించింది. సెనెటర్ జోసెఫ్ కాపుస్ దానికి కర్త. ఏ ఊరి పేరు ఏ చెక్కలకు చెందుతుందో, అక్కడ ఏ రకం నాటవచ్చునో, ఎకరానికి ఎంతవరకు పండించవచ్చునో అంతా గీత గీచి వ్రాసినారు. పేరు దొంగిలించినవాడు అంతటితో నేలను దొంగిలించినవాడైనాడు.

గీత గీచినవారు ఒకటి అనుకొన్నారు – వాతావరణం మారదని. ఆ అనుకోలు ఇప్పుడు సడలుతున్నది. బర్గండీలోని బోన్ పట్టణంలో 1354నుండి 2018వరకు ద్రాక్షకోత ఏ రోజు మొదలైనదో చరిత్రకారులు, వాతావరణ శాస్త్రజ్ఞులు పాత రికార్డులనుంచి కూర్చి 2019లో ప్రకటించినారు. ఆరువందల అరువదేండ్లకు పైబడిన ఆ జాబితా ప్రకారం, 1988నుంచి కోత మునుపటికంటె సగటున 13 రోజులు ముందుకు జరిగింది. వెచ్చని నేలకోసం వెదకిన పూర్వుల లెక్క తలక్రిందులయ్యే అవకాశం ఉన్నది. పండు పక్వం కావడమే కష్టమైన రోజులలో గులకనేల వరం. వేసవి ఎండలు తీవ్రమైనపుడు అదే గులక తీగను ఎండగట్టగలదు. తేమ నిలుస్తుందని తక్కువ తరగతిలో వేసిన బంకనేలలకు విలువ పెరగవచ్చును. చల్లని గాలి తగులుతుందని వదలివేసిన కొండపై చెక్కలవైపు రైతులు మళ్లీ చూస్తున్నారు. చట్టపు గీత మాత్రం పాత నేలదగ్గరే ఉన్నది.

బోర్డోవారు నేల గీతను కదలించక మొక్కను మార్చి చూస్తున్నారు. తురీగ నాసియొనాల్, మర్సెలాన్ మొదలైన నాలుగు ఎర్రరకాలకు, రెండు తెల్లరకాలకు 2021లో అనుమతి లభించింది. వేడిని తట్టుకొనేవనీ, ఆలస్యంగా పండేవనీ, తెగుళ్లకు లొంగనివనీ వీటిని ఎన్నుకొన్నారు. తోటలో నూటికి అయిదు పాళ్లకు మించి నాటరాదు. సీసాలో నూటికి పది పాళ్లకు మించి కలుపరాదు. పేరు చీటీమీద వ్రాయరాదు. గులకతిన్నెలలోను, బంకతిన్నెలలోను ఈ కొత్త మొక్కలు ఏ గుణం చూపుతవో తేలడానికి వేళ్లు లోతుకు దిగవలె. దానికి ఇరువది ముప్పది ఏండ్లు పడుతుంది.